నేరేడు రంగు చీరలు, నా గోధుమరంగు అద్దాలు

2004 ఎండాకాలంలో నన్ను గద్వాల కొనుగోలు కేంద్రానికి క్వాలిటీ ఇన్‌స్పెక్టరుగా వేశారు. నేను పనిచేసింది చేనేత సొసైటీల దగ్గర చీరలు కొని నగరాల్లోని షోరూములకు పంపే ఒక సంస్థలో. దాని పేరు ఇక్కడ అవసరం లేదు. గద్వాలతో పాటు వనపర్తి, నాగర్‌కర్నూల్‌లో ఉన్న చిన్న కేంద్రాలు కూడా నేనే చూసుకోవాలి. నా పైన డిపో మేనేజరు ఉండేవాడు, కింద ఎవరూ లేరు. అయినా చీర మీద పడే ముద్ర నా చేతిలో ఉండేది కాబట్టి, నేతవాళ్ల దృష్టిలో మేనేజరు కన్నా నేనే పెద్దవాణ్ని.

తనిఖీకి ఒక పద్ధతి ఉంది. చీరను బల్ల మీద పరిచి ముందు పొడవు, వెడల్పు కొలవాలి. తరవాత అంచు చీర ఒంటితో కలిసే చోటు చూడాలి. గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. రెండు జాతుల దారాలు అక్కడ ఒకదాన్నొకటి పట్టుకోవాలి, వేలితో లాగితే విడిపోకూడదు. చివరికి రంగు. రంగు మాత్రం ఉత్తరపు కిటికీ దగ్గర, పగటి వెలుగులో, వట్టి కంటితోనో తెల్లటి అద్దాలతోనో చూడాలని మా నియమావళిలో రాసి ఉంది. ఆ వాక్యం కింద శిక్షణ రోజుల్లో నేనే గీత గీసుకున్నాను.

నాకు చిన్నప్పటినుంచీ మైనస్ ఐదు పవరు. నలభై ఆరేళ్లు వచ్చేదాకా దళసరి ప్లాస్టిక్ ఫ్రేములోనే బతికాను. గద్వాల వచ్చాక బండి మీద మూడు ఊళ్లూ తిరగాలి, ఎండకు కళ్లు మండేవి. అదే కారణంగా చెప్పి, హైదరాబాదులో ఒక పెద్ద దుకాణంలో ఇంచుమించు ఒక నెల జీతం పెట్టి చలువ కళ్లద్దాలు చేయించుకున్నాను. సన్నటి లోహపు ఫ్రేము, బంగారు మెరుగు, నా పవరుతో గోధుమరంగు గాజు. ఎండ ఒక కారణమే. అసలు సంగతి, అవి పెట్టుకుని దుకాణం అద్దంలో చూసుకున్నప్పుడు నాకు నేను నచ్చడం. మొట్టమొదటిసారి.

దుకాణదారు వాటి పోషణ ఓపికగా నేర్పాడు. రెండు చేతులతోనే తీయాలి. పొడిగుడ్డతో తుడవకూడదు, ముందు నీళ్లతో దుమ్ము పోగొట్టి తరవాత మెత్తటి గుడ్డతో అద్దాలి. చెమట తగిలే చోట లోహానికి పచ్చటి చిలుము పడుతుంది కాబట్టి ముక్కు మీద ఆనే చిన్న దిండ్లను వారానికోసారి సబ్బు నీళ్లతో కడగాలి. కాడల దగ్గరి మరలు వదులైతే బిగించడానికి వేలెడంత స్క్రూడ్రైవరు ఇచ్చాడు. ఇవన్నీ తు.చ. తప్పకుండా చేశాను. పాత కళ్లజోడు గదిలో ట్రంకుపెట్టెలో పడేశాను. బండి దిగాక కూడా కొత్తవి తీసేవాణ్ని కాదు. తీస్తే ఏమీ కనబడదని చెప్పేవాణ్ని. పాతవి వెంట తెచ్చుకోవచ్చు కదా అని ఎవరూ అడగలేదు.

ఆ వానాకాలం ఒక షోరూము నుంచి ఇరవై చీరలకు ఆర్డరు వచ్చింది. ఒళ్లూ కొంగూ అంచూ అన్నీ ఒకే నేరేడు రంగు. వినడానికి తేలిక, అద్దకంలో చాలా కష్టం. నూలుకు వాడే రంగు వేరు, పట్టుకు వాడే రంగు వేరు. వేర్వేరు రంగులతో రెండింటికీ ఒకే ఛాయ తేవాలి. అలా తెచ్చిన ఛాయలు పగటి వెలుగులో కలిసిపోయినా, మరో వెలుగులోనో రంగు గాజులోంచో చూస్తే విడిపోయి కనబడతాయి. ఇది నేను చేనేత డిప్లొమా రెండో ఏడు చదివాను. పరీక్షలో రాశాను కూడా.

సొసైటీకి అద్దకం చేసేది నాగమ్మ. యాభై ఐదేళ్లుంటాయి. మామగారి దగ్గర పని నేర్చుకుని, భర్త పోయాక ఇంటి వెనక రంగు కాగు తనే నడుపుకుంటోంది. తూకం వేసి రంగు కలపగా నేను చూడలేదు. తడి దారాన్ని వేళ్ల మధ్య పిండి, ఎండలోకి పట్టి, "ఇంక జర పడాలె" అనేది. మళ్లీ పట్టి, "ఆఁ, ఒక్కటే" అనేది. ఆమె ఒక్కటే అంటే నేతవాళ్లు ఇక చూసేవారు కాదు, మగ్గం ఎక్కించేవారు.

నేత నేసింది వెంకటయ్య, అతని ఇద్దరు తమ్ముళ్లు. మొదటి పది చీరలు తెచ్చిన రోజు కేంద్రంలో పదిమందికి పైగా నేతవాళ్లున్నారు. నేను చీర విప్పి కిటికీ దగ్గర పట్టుకున్నాను. ఒళ్లు ఒక ఛాయ, కొంగు ఒక ఛాయ. అనుమానమే లేదు. పదీ వాపసు అన్నాను. వెంకటయ్య నాగమ్మను పిలుచుకొచ్చాడు. ఆమె చీర అందుకుని, కొంగు మడిచి చీర ఒంటి మీద ఆనించి చూసింది.

"ఏంది సారు గిట్లంటవు? నాకైతె రెండు ఒక్కటే కనబడ్తున్నయ్. జర మల్ల సూడు సారు."

మళ్లీ చూశాను. వరండాలోకి తీసుకెళ్లి ఎండలో చూశాను. ఎండలో తేడా ఇంకా స్పష్టంగా కనబడింది. విసుగొచ్చింది. అంతమంది ముందు అన్నాను: "నాగమ్మా, నీ కండ్లు పోయినయి. దవాఖానకు పోయి చూపించుకో."

ఆమె చీర మడత పెట్టింది, అంచులు కలిపి, నెమ్మదిగా. బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది.

మిగిలిన పది చీరలకు నేనే ఆమె ఇంటికెళ్లి కాగు పక్కన నిలబడ్డాను. పట్టు దారపు లడి పైకెత్తి చూపించినప్పుడల్లా ఇంకొంచెం ఎరుపు, ఇంకొంచెం అన్నాను. ఆమె కళ్లు నా ముఖం మీదే ఉన్నాయి, దారం మీద లేవు. నేను తల ఊపాక దించింది. ఆ దారంతో నేసిన పది చీరలకూ పాసు ముద్ర వేసి పంపాను. షోరూము వాటిని మూడు వారాల్లో తిప్పి పంపింది. కొంగు ఎర్రబారిందని, ఒంటి రంగుతో కలవలేదని చీటీ పెట్టింది. మేనేజరు నన్ను వివరణ అడిగాడు. అద్దకం చేసే మనిషికి చూపు తగ్గిందని, తనిఖీ నాటికి రంగు కుదురుకోకపోవడం వల్ల లోపం బయటపడలేదని రాసి సంతకం పెట్టాను. సొసైటీ అద్దకం పని వేరే అతనికి ఇచ్చింది.

తరవాత కొన్నాళ్లకు కళ్లద్దాల కుడి కాడ వదులైంది. నేనే బిగించబోయి మర అరగదీశాను. వనపర్తి బస్టాండు దగ్గర సన్న లోహపు పని తెలిసిన కళ్లజోళ్ల దుకాణం ఉంటే అక్కడిచ్చాను. మూడు రోజులు పడుతుందన్నాడు. ట్రంకుపెట్టెలోంచి పాతవి తీసి పెట్టుకుని గద్వాల కేంద్రానికి వెళ్లాను. కేంద్రంలోనే ఉండిపోయిన వాపసు మూటలు సొసైటీకి అప్పగించాల్సిన రోజు అది. పై మూట విప్పాను. నాగమ్మ మొదట అద్దిన చీరలు. ఒళ్లూ కొంగూ ఒకే నేరేడు రంగు. ఎక్కడ నూలు ఆగిందో ఎక్కడ పట్టు మొదలైందో మెరుపును బట్టి తప్ప తెలియడం లేదు. రెండో మూట విప్పాను. నేను పక్కన నిలబడి అద్దించినవి. కొంగు దూరం నుంచే ఎర్రగా కనబడింది. మూటలు ఆ రోజు అప్పగించకుండా ఆపేశాను.

మూడో రోజు వనపర్తి వెళ్లి ఫ్రేము తెచ్చుకున్నాను. కేంద్రంలో తలుపు వేసుకుని, పాత కళ్లజోడు తీసి కొత్తవి పెట్టుకుని మొదటి మూట చీరను చూశాను. తేడా. తీశాను. పాతవి పెట్టుకున్నాను, కలిసింది. పెట్టాను, తీశాను. ఎన్నిసార్లు చేశానో గుర్తులేదు.

అప్పుడే వెళ్లి చెప్పి ఉండాలి. చెప్పలేదు. రిపోర్టులో నా సంతకం ఉంది, పదిమంది ముందు అన్న మాట ఉంది. పంతొమ్మిది రోజులు పాత కళ్లజోడుతో తిరిగాను. కొత్తవి ఏమయ్యాయని అడిగినవాళ్లకు రిపేరులో ఉన్నాయని చెప్పాను. నాగర్‌కర్నూల్ కేంద్రంలో పని లేకపోయినా రెండుసార్లు వెళ్లొచ్చాను, గద్వాలలో ఉండకుండా.

ఇరవయ్యో రోజు మగ్గాల లెక్క చూడటానికి వెంకటయ్య ఇంటికి వెళ్లాల్సి వచ్చింది. మూలన నాగమ్మ కూర్చుని కండెలు చుడుతోంది. మగ్గానికి అందించే దారం చుట్టడం అది, కొత్తగా పని నేర్చేవాళ్లకు ఇచ్చే పని. వెంకటయ్య నీళ్లకు లోపలికి వెళ్లాడు. నేను ఆమె ఎదుట పీట మీద కూర్చుని జరిగిందంతా చెప్పాను. గోధుమరంగు గాజు సంగతి, రెండు మూటల సంగతి, రిపోర్టు సంగతి. ఆమె చక్రం ఆపలేదు.

"వనపర్తిల కండ్ల క్యాంపు పెడితె పోయిన సారు," అంది. "డాక్టరు సూసి మంచిగనే ఉన్నయన్నడు. నేను నమ్మలె. డాక్టరు అచ్చరాలు సదివిస్తడు, రంగులు సూపియ్యడు గద. రంగులు తెల్సినోనివి నువ్వు అంటివి."

నేను మేనేజరుకు ఉత్తరం రాస్తానన్నాను. చక్రం అప్పుడు ఆగింది.

"ఉత్తరం నాకేం తెల్వదు సారు. పదిమంది ముంగట అంటివి. గా పదిమంది ముంగట్నే చెప్పు."

ఉత్తరం ఆ రోజే రాశాను. రిపోర్టు తప్పని, తప్పు నాదని, నియమం మీరి రంగు గాజుతో తనిఖీ చేశానని. మేనేజరు మెమో ఇచ్చాడు, ఒక ఇంక్రిమెంటు ఆగింది. అది పెద్దగా బాధించలేదు. తరవాతి కొనుగోలు రోజు చెప్పడమే కష్టమైంది. నేతవాళ్లంతా చేరాక మొదటి మూటలోని చీర పరిచి, దాని మీద ఆ కళ్లద్దాలు పెట్టి, ఒక్కొక్కరినీ గాజులోంచి చూడమన్నాను. నాగమ్మ చూపుకు ఏమీ కాలేదని, పోయింది నా బుద్ధేనని చెప్పాను. ఎవరూ నవ్వలేదు. నవ్వితే బాగుండేదనిపించింది. వెంకటయ్య మాత్రం, "గప్పుడే జర అద్దాలు తీసి సూడకపోతివా సారు," అన్నాడు. నాగమ్మ ఆ రోజు రాలేదు.

మొదటి పది చీరలూ పాసై షోరూముకు వెళ్లాయి. సొసైటీ నాగమ్మకు అద్దకం పని తిరిగి ఇచ్చింది. నేను గద్వాలలో ఇంకా రెండేళ్లు ఉన్నాను. ఆ రెండేళ్లలో ఆమె పని ఒక్కసారి కూడా వాపసు చేయాల్సిన అవసరం రాలేదు. కానీ దారాన్ని ఎండలోకి పట్టుకున్నాక, పక్కన ఎవరుంటే వాళ్ల వైపు తిప్పి, "ఒక్కటేనా? జర సూడు," అని అడగడం మొదలుపెట్టింది. అంతకుముందు ఆమె ఎవరినీ అడిగేది కాదు.

ఆ తరవాత ఉద్యోగం ఉన్నన్నాళ్లూ, అద్దకం చేసినవాళ్లు పక్కన లేకుండా రంగు మీద నేను నిర్ణయం చెప్పలేదు. మూడు కేంద్రాల్లోనూ అదే పద్ధతి పెట్టించాను. ఈ ఉదంతం వల్ల నాకు తెలిసింది ఇంతే: ముద్ర చేతిలో ఉన్న మనిషి మాటను ఎదుటివాళ్లు తమ కళ్ల కన్నా ఎక్కువ నమ్ముతారు. ఆ మాట తప్పైతే వాపసు వెళ్లేది చీర ఒక్కటే కాదు. చీరను తిరిగి పాసు చేయవచ్చు. మాటను ఎంత త్వరగా వెనక్కి తీసుకుంటే నష్టం అంత తగ్గుతుంది. నేను పంతొమ్మిది రోజులు ఆలస్యం చేశాను.