పాలిష్ పెట్టిన నాణేలు

మా ఆయన ఇత్తడి కుళాయిలకు, తలుపు పిడులకు పాలిష్ పెడతారు. చేతికి చిక్కిన ఏ లోహాన్నీ నల్లగా ఉండనివ్వరు. మా మామగారేమో తాతలు వదిలి వచ్చిన దేశపు పాత నాణేలను నలభై ఏళ్లు సేకరించి, రేకు డబ్బాలో దాచారు. షుగరుతో మామగారి చూపూ, వేళ్ల స్పర్శా పోయిన ఏడాది, సంతోషపడతారని ఈయన వాటన్నిటినీ పాలిష్ చక్రానికి పట్టి తళతళలాడించారు. చూపు లేని మనిషికి మెరుపెందుకో ఆ బుర్రకు తట్టలేదు! రాజుల ముఖాలు, అక్షరాలు అన్నీ అరిగిపోయాయి.

ఆ సంగతి చెప్పే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు. ప్రతి సాయంత్రం మామగారు డబ్బా తెరిపిస్తారు. ఈయన నున్నటి బిళ్లలు పట్టుకుని, "ఇది గడ్డం రాజు నాన్నా, ఇది ఓడ" అంటూ గుర్తున్నది చెబుతారు, గుర్తులేనిది కల్పిస్తారు. ఇందుకోసం ఈయన ఆరేళ్లుగా ఒక్క సాయంత్రం కూడా ఇల్లు కదల్లేదు.

నిన్న ఈయనకు జ్వరం వస్తే, ఏడేళ్ల మా అమ్మాయి డబ్బా ముందు కూర్చుంది. ఆ ముఖాలను అది ఏనాడూ చూడలేదు. అయినా ఎక్కడా తడుముకోకుండా అన్నీ ఒప్పజెప్పింది.

మామగారు మురిసిపోయారు. "నా తర్వాత ఈ డబ్బా నీదేనే తల్లీ!"

అది వంటింట్లోకి వచ్చి నా కొంగు పట్టుకుంది.

"అమ్మా, ఇక నాన్నలాగే నేను కూడా సాయంత్రాలు ఇల్లు కదలకూడదా? ఆడుకోవడానికీ వెళ్లకూడదా?"