ఏ పలక నాన్నది?

ఇస్ఫహాన్‌లో మా సందు చివర ఫర్ఖుందేకి బ్యూటీ పార్లర్ ఉంది. పెళ్లికూతుళ్లను ముస్తాబు చేయడంలో చెయ్యి తిరిగిన మనిషి. ఆమె తండ్రి యదుల్లా, మైదానం పక్కనున్న పెద్ద మసీదు గుమ్మటంలో ఊడిపోయిన పింగాణీ పలకల చోట కొత్తవి అతికేవాడు. సాయంత్రం గోళ్లనిండా సున్నంతో ఆయన పార్లర్ ముందు నుంచి వెళుతుంటే, వచ్చినవాళ్ల ఎదుట ఆమెకు కాస్త నామోషీగా ఉండేది.

పని ముగిసి, గుమ్మటం కింద కట్టిన పరంజా విప్పేసే ముందు ఆయన పార్లర్ గుమ్మంలోకి వచ్చాడు. బూట్లకు దుమ్ముందని లోపల అడుగు పెట్టలేదు.

"రేపు రా తల్లీ. మేస్త్రీని ఒప్పించాను. పరంజా ఎక్కితే పలకల మీది పువ్వులు చేతికందుతాయి. కింద నుంచి చూస్తే మెడ నొప్పే."

"రేపు ఇద్దరు పెళ్లికూతుళ్లున్నారు నాన్నా. మసీదెక్కడికి పోతుంది?"

"మసీదుంటుందిలే. పరంజానే ఉండదు" అని నవ్వి వెళ్లిపోయాడు.

ఆ చలికాలమే గుండె ఆగి పోయాడు.

నౌరోజ్ పండుగ వెళ్లాక ఒకరోజు ఫర్ఖుందే పార్లర్ మూసి మసీదుకు వెళ్లింది. చిన్నప్పుడు బడి పిల్లలతో వచ్చిన తర్వాత మళ్లీ ఇదే. గుమ్మటం కింద నిలబడి తలెత్తింది. నీలం మీద పసుపు తీగలు చుట్టుకుంటూ, సన్నబడుతూ పైకి పాకి, నడినెత్తిన ఒక్క పువ్వులో కలిసిపోయాయి. జాలీ కిటికీల్లోంచి పడిన ఎండ మెల్లగా జరుగుతోంది. నడుమ నల్లరాతి మీద నిలబడి ఎవరో చప్పట్లు కొడితే ఆ చప్పుడు పైనుంచి మళ్లీ మళ్లీ రాలింది. ఇంత అందం మధ్య నాన్న బతికాడని ఆమెకు అప్పుడు తెలిసింది. నాన్న అతికిన, కొత్తగా మెరిసే పలక కోసం ఎంత వెతికినా కనిపించలేదు.

నాన్నతో కలిసి పనిచేసిన హష్మత్ వసారాలో ఉన్నాడు. టీ ఇచ్చి, నాన్న పనిచేసిన చోటని గుమ్మటంలో ఒక కిటికీ పైభాగం చూపించాడు. అందులో ఆయన పెట్టిన పలకలు ఏవని ఆమె అడిగింది.

"తెలీదమ్మా. కొత్తది కొత్తగా కనపడితే పీకేసి మళ్లీ పెట్టేవాళ్లం. పరంజా మీదైతే మీ నాన్నే చూపించేవాడు." కెటిల్ మూత పెడుతూ అన్నాడు: "నిన్ను రమ్మన్న రోజు ఉతికిన చొక్కా వేసుకొచ్చాడు. నువ్వు రానన్నావని చెబుతూనే, మధ్యాహ్నం దాకా కిందికే చూశాడు."

ఆమె టీ గ్లాసు అక్కడే పెట్టి లేచింది.

ఇంట్లో మోకాళ్ల నొప్పులతో గడప దాటలేని తల్లి ఎదురుచూస్తోంది. నాన్న చేసింది కనపడిందా అని అడిగింది.

"కనపడిందమ్మా."

"ఏ రంగు?"

"నీలం."

తల్లి ఆమె కంచంలో అన్నం వడ్డించింది.

"అక్కడంతా నీలమే కదే" అంది నెమ్మదిగా.