శాంపిల్ ఇవ్వకముందే వచ్చిన రిపోర్టు

2022లో ముత్తుకూరు దగ్గర, రొయ్యపిల్లలకు పీసీఆర్ టెస్టు చేసే చిన్న ల్యాబుకు రిపోర్టుల ప్రోగ్రాం రాసిచ్చాను. పిల్లల్లో వైరస్ ఉందో లేదో తేల్చే పరీక్ష అది. ఆ కాగితం చూశాకే రైతు పిల్లను గుంటలో వదులుతాడు. కాలేజీ మెట్లెక్కకుండా ప్రోగ్రాం రాయడం ఇంట్లోనే నేర్చుకున్న నాకు ఆ పని దేవుడిచ్చిందే.

ప్రోగ్రాం పెట్టిన మర్నాడు నేనక్కడే ఉన్నాను. మస్తానయ్య అనే రైతు వచ్చి, ల్యాబు తనకిచ్చిన కోడ్ నంబరు చెప్పాడు. టెక్నీషియన్ రహీమా అక్క పొరపాటున రిపోర్టు బటన్ నొక్కింది. కాగితం బయటికొచ్చింది: వైరస్ లేదు.

"ఏందక్కా ఇది? శాంపిల్ ఇంకా నా చేతిలోనే ఉండాది," అన్నాడాయన కవరు పైకెత్తి. "మీ మిషను జాతకం గూడా చెప్తాదా?"

అందరూ నవ్వారు. నేను మాత్రం వెంటనే ప్రోగ్రాం తెరిచి చూశాను.

ఫంక్షన్ అంటే చెప్పిన పని చేసి జవాబు తెచ్చే ప్రోగ్రాం ముక్క. రైతు కోడ్ ఫలితాల జాబితాలో ఎన్నో వరుసలో ఉందో వెతికే ఫంక్షన్ ఒకటి రాశాను. దొరక్కపోతే మైనస్ ఒకటి ఇమ్మన్నాను. కానీ నేను వాడిన పైథాన్ భాషలో మైనస్ ఒకటి అంటే చివరి వరుస. ఆ అంకె వస్తే ఆగమని రాయడం మరిచాను. అది జాబితా చివర ఉన్న రైతు ఫలితాన్ని తెచ్చి ఈయన పేరుమీద అచ్చువేసింది.

సంగతి చెప్పగానే మస్తానయ్య నవ్వు ఆగిపోయింది. "పొద్దున మా బామ్మర్ది ఈడే రిపోర్టు తీసుకోని, పిల్లను తోలుకోని పొయినాడే."

రహీమా అక్క రిజిస్టరు తిరగేసింది. అతని శాంపిల్ ఇంకా మిషన్‌లోనే ఉంది.

పిల్ల ఉన్న కవర్లను గుంట నీళ్ళ వేడికి అలవాటయ్యేదాకా తేలేసి, ఆ తర్వాతే కోస్తారు. మస్తానయ్య ఫోను స్పీకర్లో పెట్టాడు.

"ఒరే, కవర్లు కోసినావా?"

"కత్తెర చేతిలోనే ఉండాది బావా. ఏమి?"

"కోయబాక. నేను చెప్పిందాకా ఒక్కటి గూడా కోయబాక."

నలభై నిమిషాలకు ఫలితం వచ్చింది. వైట్ స్పాట్ వైరస్ ఉంది. గుంటలో పడి ఉంటే పంటంతా పోయేదే. అప్పటిదాకా ఇచ్చిన రిపోర్టులన్నీ సరిచూశాం. ఇంకేదీ తప్పు పోలేదు. స్తోత్రం తండ్రీ అనుకుంటూ ఫంక్షన్ మార్చాను. దొరక్కపోతే ఇప్పుడది ఏ అంకెనూ ఇవ్వదు. పని ఆపి, "ఈ కోడ్‌కు ఫలితం లేదు" అంటుంది. కాగితం రాదు.

దొరకలేదని చెప్పే గుర్తు నిజమైన జవాబుగా చెల్లకూడదని ఆ రోజు నేర్చుకున్నాను. ఎగతాళి చేసైనా అడిగిన మస్తానయ్యకు నేటికీ మనసులో దండం పెట్టుకుంటాను.

వారం తర్వాత రహీమా అక్క ఫోన్ చేసి, "నీ ప్రోగ్రాం ఫలితం లేదంటా మాటిమాటికీ ఆగిపోతా ఉండాదమ్మా," అని విసుక్కుంది.

"ఆగనీ అక్కా," అన్నాను సంతోషంగా.