చుక్క లేని గొర్రెలు

ఎనిమిదేళ్ల కింద నింపిన ఒక పట్టికను ఇప్పటికీ మోస్తున్నాను. ఇంట్లో చెప్పలేదు. మీరు నన్నెరగరు కాబట్టి మీకు చెబుతున్నాను.

అప్పుడు విశ్వవిద్యాలయంలో జీవశాస్త్ర ప్రయోగశాలలో విద్యార్థిగా పని నేర్చుకుంటున్నాను. గొర్రెల కాలేయంలో పురుగులను చంపే కొత్త మందు మీద పరీక్ష. దేవరకొండ దిక్కు, మా పక్క ఊళ్లో మల్లయ్య అనే కాపరి మందను నేనే ఎంచాను. అరవై గొర్రెలు. ముప్పైకి మందు, ముప్పైకి ఉత్త నీళ్లు. మందు తాగినదాని వీపున ఎర్రరంగు చుక్క.

నెలన్నరకు వెళ్తే అప్పటికే ఏడు చనిపోయాయి, పూడ్చేశారు కూడా. మిగిలిన వాటి మీద ఒక్క చుక్కా లేదు. గొంగళ్ల కోసం ఉన్ని కత్తిరించారు. అది ఉన్ని తీసే కాలమని ఆ సీమలో పుట్టిన నాకు తెలియదా? తెలుసు. పట్టిక గీసేటప్పుడు తట్టలేదు.

"చుక్కతోటి ఏం పని సారూ? సచ్చిన ఏడూ మందు తాగినయే. ఒక్కొక్కదాని మొకం నాకెరుక" అన్నాడు మల్లయ్య.

"నా కాయితంల మొకాలకు గడి లేదు మామా."

"అట్లయితె ఆ కాయితాన్నే మేపుకో."

నవ్వాడు. నేనూ నవ్వాను. బస్సులో కూర్చుని మందు గడిలో మూడు, నీళ్ల గడిలో నాలుగు రాశాను. ఎందుకు? చుక్కలు పోయాయంటే నా తెలివితక్కువ బయటపడుతుందనా, గొర్రెల కాపరి మాట రుజువెట్లా అవుతుందనా, లేక ఆ ప్రయోగశాలలో నాకొక చోటు కావాలనా? ఎన్నిసార్లు వేరుచేసి చూసినా మూడూ కలిసే వస్తాయి.

మందు వల్ల హాని లేదని తేల్చారు. నాకు చోటు దొరికింది.

మరుసటి వానాకాలం మంద మొత్తానికి మందు పట్టడానికి నన్నే పంపారు. తను చెప్పింది రాశానా అని మల్లయ్య అడిగాడు. రాసి ఉంటే మందు మార్చే ఉంటారని అతని నమ్మకం. తల ఊపాను. ఒక్కొక్కదాని దవడ అతనే తెరిచి పట్టుకున్నాడు. నేను పోశాను.

పదిహేను రోజుల్లో దొడ్డి చాలావరకు ఖాళీ అయింది. ఎన్ని పోయాయో లెక్కపెట్టడానికి నేను వెళ్లలేదు. అతను మేళ్లచెరువు దిక్కు రాళ్లు కొట్టే పనికి పోయాడని విన్నాను. అక్కడికీ వెళ్లలేదు.

క్షమించమని అడగను. ఆ గడిలో ఉండాల్సింది మాత్రం ఇక్కడ రాస్తున్నాను. చనిపోయినవి ఏడు. ఏడూ మందు తాగినవే. చెప్పినవాడు మల్లయ్య.