కోర్టువారు వస్తున్నారని బురద కప్పించాను

చల్లపల్లి వదినగారూ, మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయి? ఉయ్యూరు చెల్లాయీ, దగ్గు తగ్గిందా? మిగతా అందరూ కులాసాయేనా? నాకు మాత్రం పొద్దుటి నుంచీ గుండె దడే.

మా అపార్ట్‌మెంటుకు రోడ్డూ కాలువా వేయాలంటే ఛార్జీలు కట్టమని మున్సిపాలిటీవారు బిల్డరును అడిగారు. వేయని రోడ్డుకు ఎందుకు కట్టాలని ఆయన కోర్టుకెక్కాడు. రోడ్డుందో లేదో చూసి రమ్మని కోర్టువారు ఈ రోజు ఒక ప్లీడరుగారిని పంపారు. లేదని తేలితే ముందు రోడ్డు వేయమంటారని మా ఆశ. మా ఆయనకు ఆయాసం వచ్చినా ఆటో గుమ్మం దాకా రాదు మరి.

కానీ ఆ పెద్దమనిషి బురదలో జారిపడితేనో? ఆ భయంతో నిన్ననే అందరినీ పోరి, కొండపల్లి వైపు థర్మల్ కరెంటు ప్లాంటు నుంచి లారీడు బూడిద తెప్పించి చదును చేయించాను. పొద్దున్నే ముగ్గూ పెట్టాను.

ఆయన చెప్పులకు మట్టి అంటకుండా వచ్చి, "రోడ్డు బ్రహ్మాండంగా ఉందండీ," అని రాసుకున్నారు.

"అయ్యో, అది రోడ్డు కాదండీ, మీ కోసం పోయించామండీ!"

"ఎవరి కోసమైతేనేం మామ్మగారూ, నేను నడిచొచ్చాను కదా!"

బిల్డరు తల పట్టుకున్నాడు. ఇంటికొచ్చేవారిని బురదలో నడిపించమంటారా, మీరే చెప్పండి. చివరికి ప్లీడరుగారే జాలిపడి, బూడిద ఎత్తించేయమన్నారు. వచ్చే గురువారం పదింటికి మళ్ళీ చూడటానికి వస్తారట.