ఒకే పక్కకు అరిగిన టైర్లు

మా ఉస్తాద్ పని మీద మొదటిసారి కంప్లయింట్ తెచ్చింది పాత పద్మిని కారు మాస్టారు. కోస్తా నుంచి వచ్చి చైతన్యపురిలో కోచింగ్ పిల్లలకు లెక్కలు చెబుతాడు. రెండు నెలల కింద ఆ కారు ముందు సస్పెన్షన్ మొత్తం ఎల్బీ నగర్‌లోని మా షెడ్డులో, ఉస్తాద్ చేత్తోనే కొత్తగా చేయించుకున్నాడు.

"కొత్త టైర్లండీ ఇవి. రెండు నెలలకే గుండు అయిపోతే ఎలాగండీ?" అన్నాడు.

"రోడ్లు జూస్తలేరా సారూ? దిల్‌సుఖ్‌నగర్ దాటేసరికి నడుములే ఇరుగుతున్నయి, టైర్లెంత?" అన్నాడు ఉస్తాద్.

నేనూ వంత పాడాను. నల్గొండ పక్క పల్లె నుంచి వచ్చిన నాకు స్పానర్ పట్టడం నేర్పింది ఆయన. తప్పు చేస్తే మొట్టికాయ వేసిందీ ఆయనే. అలాంటి మనిషి చేతిలో తప్పు దొర్లుతుందని నా బుర్రకు తట్టనే లేదు. మాస్టారు మాత్రం కదలడు. ఆయన నోరు మూయించడానికే జాకీ పెట్టాను.

గాలి సరిగ్గానే ఉంది. చక్రాన్ని పైనా కిందా పట్టి గుంజితే కదలలేదు, అంటే బేరింగులు బాగున్నట్టు. రబ్బరు బుష్‌లు కొత్తవి, ఎక్కడా చిరగలేదు. అప్పుడు టైర్ల మీద అరచెయ్యి పెట్టి నిమిరాను. ఎడమ టైరు లోపలి అంచు అరిగింది, కుడి టైరు బయటి అంచు అరిగింది. మామూలుగా అలైన్‌మెంట్ తప్పితే రెండూ లోపలికో, రెండూ బయటికో అరగాలి. ఇక్కడ రెండూ కుడి పక్కకే అరిగాయి. దారానికి నట్టు కట్టి మడ్‌గార్డు నుంచి వేలాడదీసి చూస్తే, ముందు చక్రాలు రెండూ కుడికి ఒరిగి ఉన్నాయి.

చక్రాన్ని పట్టి ఉంచే ఆర్మ్‌కూ బాడీకీ మధ్య సన్నటి రేకు ముక్కలు పెడతాం, షిమ్ములంటాం. చక్రం నిటారుగా నిలబడేది వాటి వల్లే. ఎప్పుడో గుద్దుకున్న బండి కాబట్టి దానికి ఒక పక్క నాలుగు, ఇంకో పక్క ఒకటి ఉండాలి. విప్పేటప్పుడు ఎడమవి ఎడమ జేబులో, కుడివి కుడి జేబులో వేసుకోవడం ఉస్తాద్ పద్ధతి. చాక్‌పీసుతో రాసుకునే నన్ను చూసి నవ్వేవాడు.

"ఉస్తాద్, షిమ్ములు అటుయి ఇటు పడ్డట్టున్నయి" అన్నాను మెల్లగా.

"అట్లెట్ల పడ్తయ్‌రా? జరుగు" అని తనే బండి కిందికి దూరాడు.

మాస్టారూ నేనూ చాయ్ తాగాం. ఉస్తాద్ చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చి, "అయిపోయింది సారూ, ఇగ ఫికర్ లేదు" అన్నాడు. మళ్లీ దారం వేలాడదీశాను. చక్రాలు ముందెలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. రెండు పక్కలా విప్పి, ఉన్నవి ఉన్నట్టే బిగించాడు. పైగా తృప్తిగా నవ్వుతున్నాడు.

ట్రయల్ చూడాలని చెప్పి మాస్టారును మర్నాడు రమ్మన్నాను. మధ్యాహ్నం ఉస్తాద్ తిని పడుకోవడానికి కర్మన్‌ఘాట్‌లోని ఇంటికి పోతాడు. ఆయన పోగానే షిమ్ములు మార్చాను.

అప్పటి నుంచి అదే నా రోజువారీ పని అయింది. ఆయన ఇంటికి పోగానే, పొద్దున చేసిన బండ్లన్నీ విప్పి చూసేవాణ్ని. ఒకసారి నట్టు వేలితో తిప్పి వదిలేశాడు. ఇంకోసారి స్టీరింగ్ జాయింటుకు పిన్నే లేదు. తాగిన చాయ్ తాగలేదనేవాడు. దవాఖానకు పోదామని అనాల్సింది నేనే, అనలేదు. ఆయన పరువు కాపాడుతున్నానని నాకు నేనే శాలువా కప్పుకున్నాను. అసలు భయం వేరే. గిరాకీ వచ్చేది ఆయన మొహం చూసి. ఆయన మానేస్తే షెడ్డు మూసుకోవాలి.

మూడు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం కళ్లజోడు మరిచిపోయి వెనక్కొచ్చాడు. పొద్దున ఆయన చేసిన బండి కిందే ఉన్నాను. గొంతుక్కూర్చుని లోపలికి తొంగి చూశాడు.

"ఎన్ని దినాల సంది?"

"ఇది ఒక్కటే ఉస్తాద్."

"అబద్దం జెప్పకు."

బయటికొచ్చి అన్నీ చెప్పాను. తిడతాడనుకున్నాను, కనీసం ఏడుస్తాడనుకున్నాను.

"మరి నేను బువ్వకు పోకముందే తీస్కపోయిన బండ్లు? అయి ఎవడు జూసిండు?"

ఆ మాట నాకు మూడు నెలల్లో ఒక్కసారి కూడా తట్టలేదు. నిజం చెప్పాలంటే, తట్టనివ్వలేదు. పన్నెండు లోపు తాళాలు తీసుకుని, పెళ్లాం పిల్లల్ని ఎక్కించుకుని విజయవాడ హైవే పట్టిన వాళ్లు ఎంతమందో.

"ఫోన్ తియ్యి. ఒక్కొక్కల్ని పిలువు" అన్నాడు.

ఇద్దరం బెంచీ మీద కూర్చున్నాం. మేము నంబర్లు రాసుకునే రకం కాదు, మనుషులు ముఖపరిచయంతో వస్తారు, పోతారు. ఏ బండ్లో తలుచుకోవాలి. ఉస్తాద్ కళ్లు మూసుకుని వెతుక్కున్నాడు. నాలుగు చెప్పగలిగాడు, అందులో ఒకటి పదేళ్ల కిందటిది. ఆయనకైతే మతి పోతోంది. నాకు ఏ జబ్బూ లేదు. నాకు ఆరే గుర్తొచ్చాయి.