గాలికి బొట్టు పెట్టిన దసరా

1969 మొదట్లో, ఎలక్ట్రికల్ డిప్లొమా పట్టుకుని తెనాలి నుంచి వచ్చిన నన్ను, ఎల్.బి.నగర్ అవతల విజయవాడ రోడ్డు పక్కన ఉన్న ఒక బేరింగుల ఫ్యాక్టరీలో ప్యానెల్ ఆపరేటర్‌గా వేశారు. హోదా చార్జ్‌మన్ కంటే కింద, ఫిట్టర్ల కంటే ఒక మెట్టు పైన. అప్పటికి ఎల్.బి.నగర్ అంటే హద్దురాళ్లు పాతి ప్లాట్లు వేసిన బీడు నేలే. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక గది కిరాయికి తీసుకుని సైకిల్ మీద వెళ్లివచ్చేవాడిని.

మేం చేసేవి విమానాల మీటర్లలో వాడే బుల్లి బేరింగులు. వాటిలో తిరిగే ఉక్కు గోళీలు ఆవగింజ కంటే చిన్నవి. కంటికి ఆనని దుమ్ము రేణువు ఒక్కటి లోపల పడినా ఆ బేరింగు చెత్తబుట్టకే. అందుకని వాటిని బిగించే గదిలోకి వడగట్టిన గాలినే పంపేవారు. కాగితాల మీద దాని పేరు క్లీన్‌రూమ్. మావాళ్ల నోట్లో అది సాఫ్ కమ్రా అయింది. దానికి ముందు బీరువా కంటే కాస్త పెద్దదైన ఇనుప గది ఒకటుండేది, దాన్ని ఎయిర్ షవర్ అంటారు. తెల్ల టోపీ, తెల్ల అంగీ తొడుక్కున్న మనిషి అందులో నిలబడితే, గోడల్లోంచీ కప్పులోంచీ నాజిళ్లు గాలిని ఈడ్చి కొడతాయి. బట్టల మీది దుమ్ము రాలి, నేలలోని జాలీల్లోకి పోతుంది. స్నానమే, కాకపోతే నీళ్లుండవు.

దాని మీటలు దాని దగ్గర ఉండవు. అక్కడే పెడితే హోరు భరించలేక ఎవరైనా మధ్యలోనే ఆపేసుకుంటారని, వాటిని వరండా ఈ చివర నా గదిలో పెట్టారు. బోర్డు మీద రిమోట్ కంట్రోల్ అని రాసి ఉండేది. ఆ మాట మా ఊళ్లో చెబితే, ఏరా మంత్రాలు నేర్చుకుంటున్నావా అని అడిగారు. బయటి తలుపు మూసుకోగానే నా ముందు ఎర్ర దీపం వెలుగుతుంది. బటన్ నొక్కితే అక్కడ గాలి లేస్తుంది. గాలి ఆగాక ఇంకో మీట తిప్పితేనే లోపలి తలుపు తెరుచుకుంటుంది. రెండు తలుపులు ఒకేసారి తెరుచుకోకుండా వేసిన ఈ కట్టును ఇంటర్‌లాక్ అంటాం. అటు మనిషి నాకు గాజు కిటికీలోంచి కనిపిస్తాడు, మైకులో మాట వినిపిస్తుంది. ఇక్కడ వేలు కదిపితే అంత దూరాన తుఫాను లేవడం చూసి నాకు ఒళ్లు గగుర్పొడిచేది. ఎన్ని నెలలైనా ఆ గగుర్పాటు పోలేదు.

అది ప్రత్యేక తెలంగాణ ఉద్యమం సాగుతున్న ఏడాది. బందులు, కర్ఫ్యూలు, మలక్‌పేట దాటి రాని బస్సులు. స్థానికులను ముల్కీలనీ, మాలాంటి కోస్తావాళ్లను నాన్-ముల్కీలనీ అనేవారు. క్యాంటీన్లో బల్లలు కూడా అలాగే విడిపోయాయి. వేసవిలో మూతపడ్డ ఫ్యాక్టరీ తిరిగి తెరిచాక కొత్త తలనొప్పి పట్టుకుంది. బేరింగులు తనిఖీలో వరసగా పోతున్నాయి. తనిఖీ చేసేవారు చెవి దగ్గర గొట్టం పెట్టుకుని బేరింగు తిప్పి వింటారు. శుభ్రమైనది సన్నగా హుం అంటుంది, దుమ్ము పడినది కర్రుమంటుంది. ఆ రోజుల్లో అన్నీ కర్రుమనేవే.

ముల్కీలే కావాలని దుమ్ము పోస్తున్నారని మా బల్ల మీద మాట. తమ ఉద్యోగాలు ఊడబీకడానికి ఆంధ్రా ఆఫీసర్లు లేని లెక్కలు సృష్టిస్తున్నారని అవతలి బల్ల మీద మాట. చివరికి ఆ అనుమానమంతా యాదగిరి మీద వాలింది. కర్మన్‌ఘాట్ మనిషి, ఫిట్టర్ల పెద్ద, ఎయిర్ షవర్ మరమ్మతులన్నీ అతనివే. ఉద్యమంలో సత్యాగ్రహం చేసి జైలుకు కూడా వెళ్లొచ్చాడు. ఇంకొక్క బ్యాచ్ పోతే అతన్ని ఇంటికి పంపడం ఖాయమని మా సూపరింటెండెంట్ రామశేషయ్య గారు బాహాటంగానే అనేవారు. పోయేది ఉద్యోగం ఒక్కటే కాదు. సొంత ఫ్యాక్టరీలో దుమ్ము పోసినవాడన్న మచ్చతో అతనికి ఇంకెక్కడా పని దొరకదు.

ఇంతలో దసరా వచ్చింది. పనిముట్లకు పూజ చెయ్యకుండా ఏ ఫిట్టరూ ఊరుకోడు. ఫిట్టింగు షాపులో లేతులకూ, డ్రిల్లులకూ కుంకుమబొట్లు పెట్టి బంతిదండలు వేశారు. క్లీన్‌రూమ్ వైపున్న పసుపు గీత దాటి పూజాద్రవ్యం ఏదీ రాకూడదని సూపరింటెండెంట్ గారు ముందే హెచ్చరించారు.

పండగ మర్నాడు ఉదయం అందరికంటే ముందు ఎయిర్ షవర్లోకి వచ్చింది సుగుణమ్మ. నల్లగొండ పక్క పల్లెటూరి క్రైస్తవ కుటుంబం ఆమెది. గోళీలు బిగించడంలో ఆమె చెయ్యి చూసి తీరాలి. ఎర్ర దీపం వెలిగింది. నేను బటన్ నొక్కాను.

గది ఎర్రబడిపోయింది.

మోటారు కాలిందనుకున్నాను. వెంటనే తెలిసింది, అది కుంకుమ. గాలి ఆపబోయాను. మైకులో సుగుణమ్మ దగ్గుతూనే అరిచింది. "ఆపకుండ్రి సార్! ఆపితే అంత నా మీదనే పడ్తది. పోనియ్యుండ్రి!" కళ్లు గట్టిగా మూసుకుని, నేర్పిన ప్రకారం చేతులెత్తి మెల్లగా తిరగడం మొదలుపెట్టింది. ఆమె చెప్పింది నిజమే. గాలి నడుస్తుంటేనే ఆ పొడి జాలీల్లోకి పోతుంది. బటన్ మీంచి వేలు తీసి, లోపలి తలుపు మీటను అరచేత్తో గట్టిగా పట్టుకుని చూస్తూ నిలబడ్డాను.

అప్పుడు చూసినది ఇవాళ్టికీ కళ్లముందుంది. అన్ని నెలలుగా నేను నడిపిన గాలి నాకు మొదటిసారి కనిపించింది. ఎర్రటి పాయలుగా గోడల్లోంచి దూకి, ఆమె భుజాల మీద విరిగి, చేతుల వెంట జారి, నడుము చుట్టూ సుడి తిరిగి నేలలోకి ఇంకిపోతోంది. ఎంత అందంగా ఉందంటే, భయపడాలన్న సంగతే మరిచిపోయాను. క్షణాల్లో గదంతా తేటపడింది, ఒక్కచోట తప్ప. లోపలి తలుపు పక్క మూలలో ఎరుపు అలాగే వేలాడుతూ, మెల్లగా గడప మీదికి దిగింది.

గాలి ఆపి, సుగుణమ్మను బయటి తలుపు గుండానే వెనక్కి పంపాను. మొహం కడుక్కుని వచ్చి నవ్వేసింది. "ఇన్నేండ్లు బొట్టు పెట్టుకోకుంట బతికిన సార్. యాదగిరన్న ఒక్కపారే మనిషినంత పెట్టిండు. మా పాస్టరయ్య జూస్తే ఏమంటడో!"

యాదగిరి దాచలేదు. నాజిళ్ల లోపలి అంచుకు, ఎవరి కంటా పడకుండా కుంకుమ అద్దింది తనేనన్నాడు. "అన్ని మిషన్లకు పెట్టి దీనికొక్కదానికి పెట్టకపోతే ఎట్ల సార్? గిది గూడ మన చేతికింది మిషనే గదా."

రామశేషయ్య గారు వచ్చారు. దొంగ దొరికాడన్నది ఆయన మొదటి మాట. అన్నాళ్లూ దుమ్ము పోసింది కూడా ఇతనేనని తేల్చేసి, గేటు దాటించమన్నారు. నేను అడ్డుపడి, ముందు ఆ మూల చూడమని అడిగాను. తెనాలి నుంచి వచ్చి వీడికి వకాల్తా ఎందుకయ్యా అని నా మీద కస్సుమన్నారు. అయినా వచ్చి చూశారు. గడప మీద ఎర్రటి చార ఉంది. గదిలోకి వెళ్లే ప్రతి కాలూ దాన్ని తొక్కే వెళ్లాలి.

ఆయన వంగి ఆ చారను వేలితో రాసి చూశారు. ఇంకాస్త కుంకుమ దొరుకుతుందా అని యాదగిరినే అడిగారు. యాదగిరి చొక్కా జేబులోంచి పొట్లం తీసిచ్చాడు. ఈసారి మనిషి లేకుండా గాలి వదిలాను. నా గది కిటికీ దగ్గర ముగ్గురం తలలు ఆనించి చూశాం. తలుపు పైనున్న రెండు నాజిళ్ల గాలి ఒకదానికొకటి ఎదురు తగిలి అక్కడే చచ్చిపోతోంది. ఆ దుమ్ము నేలలోని జాలీల దాకా పోయే దారి లేక గడప మీదే పడుతోంది. విదేశంలో గీసిన నక్షా ఎత్తైన గదికి గీసింది. మాకు స్థలం చాలక కప్పు దించారు, నాజిళ్ల వంపు మాత్రం అలాగే వదిలేశారు. వేసవికి ముందు పని కొద్దిగానే ఉండేది కాబట్టి లోపం బయటపడలేదు. రామశేషయ్య గారు కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "ఇంతకాలం దీని ముందే తిరుగుతున్నామయ్యా మనం," అన్నారు. ఆ గొంతులో కోపం లేదు.

గది కడగడానికీ, వడపోత గుడ్డలు మార్చడానికీ నడుములు విరిగాయి. నాజిళ్లను కిందికి వంచింది యాదగిరే. తర్వాతి బ్యాచ్ హుం అంది.

పసుపు గీత దాటినందుకు యాదగిరికి మెమో తప్పలేదు. అది తీసుకుంటూ అతను సూపరింటెండెంట్ గారితో అన్నాడు. "మెమో ఇస్తే ఇయ్యుండ్రి సార్, బొట్టు పెట్టింది నిజమే. గోళీలు ఖరాబ్ చేసింది మాత్రం నేను గాదని జర అందరి ముంగట చెప్పుండ్రి." రామశేషయ్య గారు ఆ సాయంత్రం షిఫ్టు మారే వేళ, రెండు బల్లల వాళ్లూ నిలబడి ఉండగా, ఆ మాట గట్టిగా చెప్పారు. యాదగిరి తల వంచుకుని విన్నాడు. ఆ తర్వాత సైకిల్ తీసుకుని కర్మన్‌ఘాట్ దారి పట్టాడు.

తర్వాత ఉద్యోగరీత్యా ఇంకా చాలా క్లీన్‌రూములు చూశాను. ఎక్కడ సరుకు పాడవుతున్నా ఒకటే అడిగేవాడిని. గాలి ఎటు పోతోందో చూశారా అని. చూడందే ఏ మనిషి పేరూ నా ముందు ఎత్తనిచ్చేవాడిని కాదు.